పిల్లి గుండె స్కాన్ రిపోర్టు మీద మత్తు మందు పేరు రాయండి: పశువైద్యులకు, అధికారులకు బహిరంగ లేఖ

మన రాష్ట్రంలో పిల్లులకు గుండె స్కాన్ చేస్తున్న పశువైద్యులకు, పశుసంవర్ధక శాఖ అధికారులకు, రాజేంద్రనగర్‌లోని పి.వి. నరసింహారావు తెలంగాణ వెటర్నరీ యూనివర్సిటీ పెద్దలకు నమస్కారం.

నేను నల్లగొండలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. ఈ విషయం మీద స్కాన్ చేసిన దవాఖానకు రెండు లెటర్లు రాశాను, ఎన్నోసార్లు ఫోన్ చేశాను, ఫిర్యాదు తీసుకోవాల్సిన చోట కాగితం ఇచ్చి సంతకం కూడా తీసుకున్నాను. ఎనిమిది నెలలు దాటింది, ఒక్క ముక్క జవాబు రాలేదు. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను. ఆ దవాఖాన పేరు మాత్రం రాయను. తర్వాత నేను చూసిన వేరేవాళ్ల రిపోర్టుల్లో కూడా ఇదే లోపం ఉంది కాబట్టి, ఒక్కరిని నిలదీస్తే తీరే విషయం కాదని నాకు అర్థమైంది.

నేను అడిగేది చిన్న విషయం. పిల్లికి టూడీ ఎకో, అంటే గుండె స్కాన్, చేసే ముందు మత్తు ఇస్తే, ఏ మందు ఇచ్చారు, ఎంత ఇచ్చారు, ఎన్ని గంటలకు ఇచ్చారు అన్నది ఆ రిపోర్టు మీదే రాయాలి. ఆ ఒక్క లైను లేకపోవడం వల్ల మా ఇంట్లో ఏం జరిగిందో ముందు చెప్తాను.

మా అమ్మ పానగల్ వైపు ఒక్కతే ఉంటుంది, నాన్న పోయినప్పటి నుంచి ఆమెకు తోడు చిట్టి అనే పిల్లే. జాతి పిల్లి కాదు, మామూలు నాటు పిల్లి. దానికి ఐదేళ్లప్పుడు టీకా వేయించడానికి తీసుకుపోతే ఇక్కడి డాక్టర్ గారు గుండె మీద స్టెతస్కోపు పెట్టి, ఏదో అదనపు శబ్దం వినిపిస్తోంది, హైదరాబాద్‌లో ఎకో తీయించండి అన్నారు. ఆయన చెప్పింది సరైన మాటే, ఆయన మీద నాకు ఏ కంప్లైంటూ లేదు. బండి మాట్లాడుకుని నార్కెట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ మీదుగా పోయాం. దారంతా చిట్టి అరుస్తూనే ఉంది, బుట్టలోనే ఒంటికి పోసుకుంది. అక్కడికి చేరేసరికి అది బాగా బెదిరిపోయి ఉంది, ముట్టుకోబోతే గీరింది. స్టాఫ్ వచ్చి, మీరు బయట కూర్చోండి అని చెప్పి లోపలికి తీసుకుపోయారు. అరగంటకు తెచ్చి ఇచ్చేటప్పటికి మెడ వాల్చేసి ఉంది, కళ్లు తెరిచే ఉన్నాయి గానీ చూపు లేదు. తిరుగు దారిలో బండిలో రెండుసార్లు కక్కుకుంది.

రిపోర్టులో గుండె ఎడమ కింది గది పెద్దదైందని, పిండే శక్తి తగ్గిందని, కవాటం దగ్గర రక్తం వెనక్కి కారుతోందని రాశారు. జీవితాంతం గోలీలు వాడాలన్నారు. గుండెకు బలానికి పిమోబెండాన్, నీరు పోవడానికి ఫ్యూరోసెమైడ్, రెండూ పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. అమ్మ ఐదు నెలలు ఒక్క పూట తప్పకుండా వేసింది. పిల్లికి గోలీ వేయడం ఎంత కష్టమో వేసినవాళ్లకే తెలుసు. టవల్‌లో చుట్టి, దవడలు పట్టి తెరిచి, గొంతులోకి తోసి, నోరు మూసి పట్టుకోవాలి. రోజూ అమ్మ ఒళ్లో పడుకునే పిల్లి, రెండో నెలకల్లా అమ్మ అడుగుల చప్పుడు వింటే మంచం కింద దూరేది. నీళ్లు విపరీతంగా తాగేది, ఒంటికి ఎక్కువ పోసేది, తిండి తగ్గి చిక్కిపోయింది. రక్తపరీక్ష చేయిస్తే కిడ్నీ ఎట్లా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ 2.9 వచ్చింది, అది ఎక్కువ. గుండె బాగు చేద్దామని పోతే ఇప్పుడు కిడ్నీ మీదకు వచ్చింది.

అప్పుడు వేరే డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాం. ఆమె పాత రిపోర్టును చాలాసేపు చూసి, ఒక మూల చిన్న అక్షరాల్లో ఉన్న అంకె చూపించారు. గుండె వేగం నిమిషానికి 98. "దవాఖానలో భయపడుతున్న పిల్లి గుండె 98 సార్లు కొట్టుకోదమ్మా, 180, 200, అంతకన్నా ఎక్కువే ఉంటుంది. దీనికి ఏం మత్తు ఇచ్చారు?" అని అడిగారు. మా దగ్గర జవాబు లేదు. రిపోర్టులో లేదు. బిల్లులో మాత్రం సెడేషన్ చార్జీ అని ఒక లైను ఉంది, మందు పేరు లేదు. డబ్బు రాసుకోవడానికి లైను ఉంది, మందు రాయడానికి లైను లేదు. ఫోన్ చేసి అడిగితే "అది మామూలుగా ఇచ్చేదేనండీ" అన్నారు. తర్వాత రిజిస్టర్‌లో దొరకడం లేదన్నారు.

రెండోసారి స్కాన్‌కు ఆమె సూది వేయలేదు. బయల్దేరే ముందు ఇంట్లోనే పిల్లి బెదురు తగ్గించే గబాపెంటిన్ గోలీ ఇవ్వమన్నారు, గదిలో లైట్లు తగ్గించారు, అమ్మనే పక్కన నిలబడి పట్టుకోమన్నారు. గుండె వేగం 184. గోడ మందం 4.3 మిల్లీమీటర్లు. గదులు మామూలుగా ఉన్నాయి, కవాటం కారడం లేదు. మొదట స్టెతస్కోపులో వినపడిన శబ్దం గుండె కుడివైపు నుంచి రక్తం బయటకు పోయే దారిలో, పిల్లి కంగారు పడ్డప్పుడు మాత్రమే వచ్చేదట. పిల్లుల్లో అది చాలా మామూలట, దానికి మందే అక్కర్లేదట. గోలీలు ఆపేశాం, నెల తర్వాత క్రియాటినిన్ 1.6కు దిగింది.

ఆ తర్వాత నేను ఈ విషయం గురించి కూర్చుని చదివాను, డాక్టర్లను అడిగాను. నేను డాక్టర్‌ని కాను. కానీ తెలుసుకున్నది మామూలు మాటల్లో చెప్పగలను, నాలాంటి వాళ్లకు తెలియాలి కూడా.

పిల్లుల్లో అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే గుండె జబ్బు, గుండె గోడ దళసరి కావడం. అమెరికన్ కాలేజ్ ఆఫ్ వెటర్నరీ ఇంటర్నల్ మెడిసిన్ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం దాదాపు 15 శాతం పిల్లుల్లో ఇది ఉంటుంది, చాలావాటిలో పైకి ఏమీ కనిపించదు. గుండె సాగి నిండుగా ఉన్న క్షణంలో గోడ మందం 6 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే జబ్బు కింద లెక్క. 5 కన్నా తక్కువైతే మామూలు. 5కూ 6కూ మధ్య ఉంటే ఒంటి బరువు, వంశం, మిగతా లక్షణాలు చూసి తేల్చాలి. అంటే జబ్బు ఉన్న పిల్లికీ లేని పిల్లికీ తేడా ఒక్క మిల్లీమీటరు. ఇంత సన్నని లెక్కలో, ఒంట్లోకి ఎక్కించిన మందు ఏమిటో రాయకపోతే ఎట్లా?

మన దగ్గర ఎక్కువగా దొరికే మత్తు మందు జైలజీన్. పశువుల దవాఖానల్లో ఆవులకు, గేదెలకు వాడేది అదే. మెడిటోమిడిన్, డెక్స్‌మెడిటోమిడిన్ కూడా అదే కుటుంబం. ఈ మందులు రక్తనాళాలను బిగించేస్తాయి, గుండె వేగాన్ని సగానికి పడేయగలవు. బిగిసిన నాళాల్లోకి రక్తం నెట్టాలంటే గుండెకు ఎదురు బరువు పెరుగుతుంది, వేగం తగ్గింది కాబట్టి గుండె ఒకసారి కొట్టుకోవడానికీ ఇంకోసారి కొట్టుకోవడానికీ మధ్య నిండే టైమ్ ఎక్కువై గది ఉబ్బుతుంది, పిండే శక్తి తగ్గినట్టు కనిపిస్తుంది, ఆరోగ్యంగా ఉన్న కవాటం కూడా కారడం మొదలుపెట్టవచ్చు. మా చిట్టి రిపోర్టులో రాసిన మూడు మాటలూ ఇవే. కక్కుకోవడం కూడా జైలజీన్ ఇచ్చిన పిల్లుల్లో తరచుగా కనిపించేదే. ఇది అదే మందు అని నేను ప్రమాణం చేసి చెప్పలేను, ఎందుకంటే కాగితం మీద లేదు.

ఇంకో వైపు కూడా ఉంది, నాకు అదే ఎక్కువ భయం. నిజంగా గోడ దళసరి అయిన కొన్ని పిల్లుల్లో రక్తం బయటకు పోయే దారి, గుండె గట్టిగా పిండినప్పుడు మూసుకుపోతుంటుంది. మెడిటోమిడిన్ ఇస్తే ఆ అడ్డు తగ్గిపోతుందని 2002లో వచ్చిన ఒక అధ్యయనంలో చూపించారు. అంటే ఒకే రకం మందు ఆరోగ్యంగా ఉన్న పిల్లిలో లేని జబ్బు చూపించగలదు, జబ్బు ఉన్న పిల్లిలో ఉన్న అడ్డును దాచగలదు.

కెటమిన్ అనే ఇంకో మత్తు మందుది దీనికి పూర్తిగా రివర్స్. గుండెను పరుగెత్తిస్తుంది. నిండే టైమ్ లేక గది చిన్నగా, గోడ దళసరిగా కనిపిస్తుంది, 5 మిల్లీమీటర్ల గోడ ఆ పూట ఇంకా ఎక్కువ చూపించవచ్చు. నిజంగా దళసరి గుండె ఉన్న పిల్లికైతే ఆ పరుగే ప్రమాదం. జైలజీన్, కెటమిన్ రెండూ కలిపి ఇచ్చినప్పుడు వచ్చే అంకెను ఎట్లా చదవాలో మీరే చెప్పాలి. గుండె మీద చాలా తక్కువ ప్రభావం ఉండే బుటార్ఫనాల్ లాంటివి ఉన్నాయి, నోటితో ఇచ్చే గబాపెంటిన్ ఉంది. ఇవన్నీ మీ పుస్తకాల్లో ఉన్నవే, మీకు నేర్పించడానికి చెప్పడం లేదు.

మత్తే వద్దు అని కూడా నేను అనడం లేదు. బెదిరిపోయి కొట్టుకునే పిల్లిని నలుగురు అదిమి పట్టుకుని స్కాన్ చేస్తే అదీ తప్పే. ఊపిరి ఆడని పిల్లి ఆ పెనుగులాటలోనే పోవచ్చు, భయంతో 240 కొట్టుకునే గుండె అంకెలు కూడా నమ్మదగ్గవి కావు. కొన్ని పిల్లులకు మత్తు తప్పనిసరి, ఆ నిర్ణయం డాక్టర్‌దే. ఇవ్వండి. ఇచ్చింది రాయండి, ఇచ్చే ముందు మాకు ఒక మాట చెప్పండి.

ఇప్పుడు నా డిమాండ్లు, అవి లేకపోవడం వల్ల మామూలు మనుషుల మీద ఏం పడుతోందో కలిపి రాస్తున్నాను.

1. ప్రతి ఎకో రిపోర్టు మీద మత్తు ఇచ్చారా లేదా అన్నది ఉండాలి. ఇస్తే మందు పేరు, మోతాదు, సూది నరానికా కండకా, ఎన్ని గంటలకు, స్కాన్ ఎన్ని గంటలకు, అప్పటి గుండె వేగం. ఇవ్వకపోతే "మత్తు ఇవ్వలేదు" అని రాయాలి, ఖాళీ వదిలేయకూడదు. మాలాంటి వాళ్లం ఒకే దవాఖానకు జీవితాంతం పోము. ఇక్కడి డాక్టర్ ఒకరు, హైదరాబాద్‌లో ఇంకొకరు, సెలవు రోజు ఎవరు దొరికితే వాళ్లు. ఆరు నెలల తర్వాత రెండో స్కాన్ తీస్తే, జబ్బు పెరిగిందా తగ్గిందా అని పోల్చి చూసేది ఆ కాగితాలే. ఒకటి మత్తులో తీసింది, ఇంకోటి మెలకువలో తీసింది అయితే ఆ పోలికకు అర్థం లేదు. మిర్యాలగూడలో మాకు తెలిసిన ఒక ఇంట్లో పిల్లికి స్కాన్‌లో అంతా బాగుందన్నారు. మూడు వారాలకు రాత్రిపూట ఒక్కసారిగా వెనక కాళ్లు రెండూ పడిపోయాయి, పాదాలు చల్లబడ్డాయి, తెల్లవార్లూ అరిచి అరిచి పోయింది. గుండెలో కట్టిన రక్తపు గడ్డ జారి కాళ్ల నాళానికి అడ్డం పడితే అట్లా అవుతుంది. ఆ స్కాన్‌ను మత్తు తప్పుదోవ పట్టించిందని నేను అనను, అనడానికి ఆధారం లేదు. లేదు అనడానికి కూడా ఆధారం లేదు, అదే ఆ ఇంటివాళ్లను తినేస్తోంది. ముందే తెలిస్తే గడ్డ కట్టకుండా రోజూ ఇచ్చే క్లోపిడోగ్రెల్ మొదలుపెట్టేవాళ్లమా అని ఆ ఇంటి పిల్లవాడు ఇప్పటికీ అడుగుతాడు.

2. సూది వేసే ముందు ఓనర్‌కు చెప్పి, ఒప్పుకున్నాకే వేయాలి. వీలైన చోట మమ్మల్ని లోపల ఉండనివ్వాలి.

3. అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే, పిల్లి బెదురుతుందా, ఎక్కడి నుంచి వస్తున్నారు అని అడగాలి. గబాపెంటిన్ పని చేయడానికి రెండు గంటలు, ఒక్కోసారి మూడు గంటలు పడుతుంది. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ రమారమి 100 కిలోమీటర్లు. ఇంటి దగ్గర గోలీ ఇచ్చి బయల్దేరితే ఎల్బీనగర్ చేరేసరికి, లేదా షాద్‌నగర్ దాటి సిటీలోకి వచ్చేసరికి పిల్లి నెమ్మదిస్తుంది. దూరం నుంచి వచ్చేవాళ్లకే ఈ పద్ధతి ఇంకా బాగా పనికొస్తుంది, దారిలో పడే టెన్షన్ కూడా తగ్గుతుంది. ఒక్క ఫోన్ కాల్‌లో అయ్యే పని ఇది. పెద్ద పిల్లికి మామూలుగా 100 మిల్లీగ్రాములు ఇస్తారు గానీ, చదివేవాళ్లు ఎవరూ డాక్టర్ చెప్పకుండా సొంతంగా ఇవ్వొద్దు, కిడ్నీ బాగాలేని పిల్లికి మోతాదు తగ్గించాలి.

4. జైలజీన్, మెడిటోమిడిన్, కెటమిన్ ఇచ్చి తీసిన స్కాన్ ఒక్కదాని మీద జీవితాంతపు మందులు మొదలుపెట్టకండి. పిల్లి ప్రాణాపాయంలో ఉంటే వేరే మాట. లేదంటే "ఈ కొలతలు మత్తులో తీసినవి, మళ్లీ చూడాలి" అని రాసి, గుండె మీద తక్కువ ప్రభావం ఉండే పద్ధతిలో ఇంకోసారి తీయండి, ఆ రెండోదానికి పూర్తి ఫీజు తీసుకోకండి. మాకు మొదటి స్కాన్‌కు బండి కిరాయితో కలిపి ఆరు వేలకు పైగా అయింది, తర్వాత ఐదు నెలల గోలీలు, రక్తపరీక్షలు, మళ్లీ బండి, మళ్లీ స్కాన్. నా జీతం తెలిసినవాళ్లకు అది ఎంతో అర్థమవుతుంది. అమ్మ తన బీపీ గోలీలు పది రోజులు కొనకుండా ఆపి పిల్లి మందులు కొన్నదని నాకు చాలా తర్వాత తెలిసింది.

5. యూనివర్సిటీ వారు, శాఖ వారు కలిసి మొత్తం రాష్ట్రానికి పనికొచ్చే ఒక పేజీ రిపోర్టు నమూనా తయారు చేసి పంపాలి. జిల్లాల్లో పనిచేసే డాక్టర్ల రోజంతా ఆవులు, గేదెలు, గొర్రెలతోనే గడుస్తుంది, వాళ్ల చేతికి అందేది జైలజీనే. అది ఒక్కో జంతువులో ఒక్కో రకంగా పనిచేస్తుందని వాళ్లకు బాగా తెలుసు, గుర్రానికి ఇచ్చే దాంట్లో పదో వంతు ఆవుకు సరిపోతుందన్నది వాళ్లు రోజూ పాటించే లెక్క. పిల్లుల గుండె విషయంలో కూడా అంత స్పష్టంగా తెలిసేలా రెండు రోజుల శిక్షణ పెట్టండి. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లా పశువైద్యశాలల్లో వారానికి ఒక్క రోజైనా పిల్లులకు, కుక్కలకు ఎకో తీసే ఏర్పాటు చేయండి. మా ఊళ్లోనే స్కాన్ ఉంటే పిల్లి అంత బెదరదు, చాలావాటికి మత్తు అవసరమే పడదు.

6. ఏ మందు ఇచ్చారో రిజిస్టర్‌లో ఉండాలి, అడిగితే కాపీ ఇవ్వాలి. కెటమిన్ అసలే లెక్క రాసి వాడాల్సిన మందు, దొరకడం లేదు అనే మాట దానికి చెల్లదు. ఫిర్యాదు ఇస్తే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మాది తప్పు అయితే తప్పని రాయండి, దాన్నైనా చదువుకుంటాం.

పిల్లులు పెంచుకునేవాళ్లకు కూడా ఒక మాట. స్కాన్‌కు పోయినప్పుడు మత్తు ఇస్తారా, ఏం ఇస్తారు అని అడగండి, అడగడం తప్పు కాదు, మర్యాదగా అడిగితే మంచి డాక్టర్లు సంతోషంగానే చెప్తారు. చెప్పింది మీరే రిపోర్టు వెనక పెన్నుతో రాసుకోండి, తేదీ, టైమ్ వేయండి. ఇంట్లో పిల్లి నిద్రపోతున్నప్పుడు పక్కటెముకలు లేచి దిగడం ఒక నిమిషం లెక్కపెట్టండి. ఎప్పుడు చూసినా 30 దాటుతుంటే, లేదా కుక్కలాగా నోరు తెరిచి రొప్పుతుంటే ఆలస్యం చేయకుండా తీసుకుపోండి. నేను రాసింది చదివి స్కాన్ అంటే భయపడి మానేయొద్దు. మా చిట్టికి జబ్బు లేదని తేల్చింది కూడా స్కానే.

ఈ లేఖ ప్రింట్ తీసి, రెండు స్కాన్ రిపోర్టులు, సెడేషన్ చార్జీ ఉన్న బిల్లు, మూడు రక్తపరీక్షల కాగితాలు జతచేసి మీకు రిజిస్టర్డ్ పోస్టులో పంపిస్తున్నాను. ఎవరైనా డాక్టర్ గారు నేను రాసిన దాంట్లో తప్పు ఉందంటే చెప్పండి, సరిదిద్దుకుంటాను. నెల రోజులు చూస్తాను, జవాబు రాకపోతే మా జిల్లాలో పిల్లులు పెంచుకునేవాళ్లం కొందరం కలిసి, మా రిపోర్టులన్నీ పట్టుకుని మీ ఆఫీసుకే వస్తాం.

చిట్టి ఇప్పుడు బాగానే తింటోంది, బరువు కూడా కొంచెం పెరిగింది. అమ్మ పిలిస్తే గడప దాకా వస్తుంది. చేతిలో ఏముందో చూసిన తర్వాతే లోపలికి వస్తుంది.

ఇట్లు,
నల్లగొండ నుంచి ఒక టీచర్